చుక్కాని చెక్కలో బిగించిన పికప్పు

రండి, చాప మీద ఇంకా చోటుంది, నా పక్కకే వచ్చి కూర్చోండి. పొయ్యి మీద పులుసు దిగడానికి ఇంకా పొద్దు పడుతుంది. అది దిగేలోపు ఒక మనిషి మీద నేను కక్ష ఎలా తీర్చుకున్నానో చెబుతాను. చెప్పి చివర్లో కళ్ళొత్తుకుంటానని మాత్రం చూడకండి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

మాది మైపాడు దాపున, సముద్రపొడ్డు పల్లె. నా పెనిమిటి పడవలు కట్టే వడ్రంగి. అమ్మానాయనా చిన్నప్పుడే పోవడంతో తమ్ముణ్ణి నా వెంటే అత్తగారింటికి తెచ్చుకున్నాను. నాకు పేరు రాయడం, పేపరు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే చదువు. వాడికి అదీ రాదు. పెద్దయ్యాక పొద్దున్నే చేపల గంప బస్సు మీద వేసుకుని నెల్లూరు మార్కెట్టుకు పోయేవాడు. గంప ఖాళీ కాగానే ఒక రేడియో షాపులో చేరి సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు. పాటంటే వాడికి అంత పిచ్చి.

ఆ షాపాయన రేడియోలు బాగు చేసేవాడు, పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. మంచి మనిషి. ఆయన దగ్గర ఒక కరెంటు గిటారు మూలన పడి ఉండేది. ఒకసారి మద్రాసుకు అద్దెకు పోయి తిరిగి వస్తూ బస్సు పైన మూటల కింద పడి దాని ఒళ్ళు అప్పడంలా నలిగిపోయిందట. మెడ, తీగలు, తీగల కింద ఉండే పికప్పులు మాత్రం బాగున్నాయి. అంతకుముందు తమ్ముడు దాని మీదే వాయించడం నేర్చుకున్నాడు కాబట్టి, "దీనికి ఒళ్ళు చేయించుకుంటే నీదే పో" అని ఆయన వాడికే ఇచ్చేశాడు.

పికప్పంటే తెలియనివాళ్ళు ఉంటారు. అది అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగ్గా ఉండే డబ్బా. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ చుట్టి ఉంటుంది. పైన ఇనప తీగ వణికితే ఈ డబ్బా ఆ వణుకును పట్టుకుని వైరు గుండా యాంప్లిఫయరుకు పంపుతుంది. అక్కడి నుంచి పాట పెద్ద గొంతుతో బయటికొస్తుంది. మామూలుగా దాన్ని చిన్న స్ప్రింగుల మీద నిలబెడతారు. స్క్రూ తిప్పితే పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది.

మా ఆయన ఆ స్ప్రింగులు చూసి నవ్వాడు. తుప్పు పట్టి ఒకటి విరిగే ఉంది.

"ఇది ఊగతా ఉండాల బావా" అన్నాడు తమ్ముడు.

"ఊగేదేందిరా? నేను బిగించింది ఏదీ ఊగదు. ఊగితే పడవలోకి నీళ్ళొస్తాయి."

"ఇది పడవ కాదు బావా, గిటారు."

"చేసేది నేను గదా. నేను ఏం చేసినా పడవే అవతాది."

నిజంగానే పడవ చెక్కతోనే చేశాడు. ఏరు సముద్రంలో కలిసే మొగలో పగిలిపోయిన ఒక పాత పడవ తాలూకు చుక్కాని మా పాకలో పడి ఉండేది. టేకు చెక్క. ఉప్పునీళ్ళు తాగీ తాగీ ఇనుములా గట్టిపడింది. దాన్నే గిటారు ఒంటిలా కోసి, నున్నగా చిత్రిక పట్టి, పైభాగాన పడవ ముక్కుకు చెక్కినట్టే చిన్న కన్ను చెక్కాడు. పికప్పులకు ఉలితో గుంటలు తవ్వి, స్ప్రింగులు అవతల పారేసి, తిన్నగా చెక్కకే స్క్రూలు దిగ్గొట్టాడు. తీగకు ఎంత దగ్గరుంటే అంత బాగా వింటుందనుకుని, అడుగున తాటి చెక్క చీల్చిన పేళ్ళు పేర్చి తీగలకు తగలబోయేంత పైకి లేపాడు. అక్కడితో ఆగితే బాగుండేది. గుగ్గిలం నూనెలో కాచి, పడవ సందులు పూడ్చినట్టు పికప్పు చుట్టూ పోసేశాడు.

"గిటారులోకి నీళ్ళెందుకొస్తాయయ్యా?" అన్నాను నేను.

"సముద్రపొడ్డున కూచోని నీళ్ళెందుకొస్తాయంటావేందే?" అని నామీదే కసురుకున్నాడు.

మా పల్లెకు అప్పటికి కరెంటు లేదు. కాబట్టి అది పలుకుతుందో లేదో చూడాలంటే నెల్లూరు పోవాల్సిందే. ముగ్గురం పోయాం. షాపాయన వైరు తగిలించాడు. తమ్ముడు మెడ మొదట్లో నొక్కి వాయిస్తుంటే బాగానే పలికింది. పాట పైకి ఎక్కే కొద్దీ, వేళ్ళు ఒంటి వైపు జరిగే కొద్దీ, లావు తీగ ఒక్కటే రెండు గొంతులతో ఏడవడం మొదలుపెట్టింది. ఒక గొంతు శ్రుతిలో, ఇంకోటి దానికి కాస్త దిగువన, జలుబు చేసిన మేకలా.

షాపాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయస్కాంతం తీగను గుంజతా ఉండాదబ్బా! మీద నొక్కే కొద్దీ తీగ ఇంకా దానికి దగ్గరవతాది గదా. స్ప్రింగు ఉంటే స్క్రూ తిప్పి దించేవాణ్ణి. నువ్వు చెక్కకే కూచోబెట్టినావు. అడుగున పేడు ఉన్నంత సేపు ఈ స్క్రూ ఎంత తిప్పినా తల అరగడమే గానీ జరిగేదేం లేదు."

ఇంటికొచ్చి ఆ గుగ్గిలం ఊడదీసింది నేను. మా ఆయనవి మొద్దు చేతులు. నావి వలలు అల్లిన వేళ్ళు. మేకు కాల్చి, కరిగిస్తూ గీకి, పేళ్ళు బయటికి తీసి గాజుపెంకుతో పల్చగా చీరి మళ్ళీ పెట్టాను. నెల్లూరు పోయి చూడటం, రావడం, మళ్ళీ చీరడం. ఎంత ఎత్తుంటే ఎలా పలుకుతుందో నా వేళ్ళకు బాగా ఎక్కేసింది. చివరికి కుదిరింది. కుదిరాక మా ఆయన మళ్ళీ గుగ్గిలం పోశాడు. వద్దన్నా వినలేదు. ఆ మొండితనం మేలే చేసింది. తక్కిన గిటార్లు స్పీకరు దగ్గరికి పోతే కీచుమని కూత పెట్టేవి. లోపల ఏదీ అదరదు కాబట్టి మా చుక్కాని మాత్రం కూత పెట్టేది కాదు.

ఇదిగో, ఇక్కడికి వస్తాడు నా శత్రువు.

నెల్లూరులో పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు పాటకచేరీలు చేసే పార్టీ ఒకటుండేది. దాని ఓనరు హార్మోనియం వాయించేవాడు. అందరూ ఆయన్ని మాస్టరు అనేవాళ్ళు. తెల్ల ప్యాంటు, నల్ల బూట్లు, నూనె పెట్టి దువ్విన క్రాపు. షాపులో మా వాడి వాయింపు విని, "రేయ్ అబ్బయా, మా పార్టీలోకి వచ్చెయ్" అన్నాడు. తమ్ముడు ఆ సాయంత్రం బస్సు దిగి ఇసకలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడి మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడటానికి చాలా కాలం పట్టింది.

మొదట్లో బాగానే జరిగింది. తర్వాత మాస్టరు, "రోజూ బస్సులో తిప్పితే వస్తువు పాడవతాది, పార్టీ రూములోనే పెట్టు" అన్నాడు. తమ్ముడు పెట్టాడు. వాడు లోకం తెలియనివాడు. నాకు మాట మాత్రం చెప్పి ఉంటే ఆ రూము తలుపు తీయించి నేనే దాన్ని ఇంటికి తెచ్చేదాన్ని.

ముత్తుకూరులో ఒక పెళ్ళికి ఆ పార్టీ వచ్చిందని తెలిసి, తమ్ముడు వాయిస్తుంటే చూద్దామని నేను మంచి చీర కట్టుకుని పోయాను. పగటి పెళ్ళి. పందిట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుని తల ఎత్తి చూస్తే, ముందు నిలబడి మా గిటారు వాయిస్తున్నది మాస్టరు బావమరిది. టెర్లిన్ చొక్కా, మెడలో రుమాలు. నా తమ్ముడు ఆ వెనక, స్పీకరు పెట్టె పక్కన కింద కూర్చుని, గవ్వలు పోసిన సొరబుర్ర ఊపుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

భోజనాల దగ్గర వాణ్ణి చెయ్యి పట్టి పక్కకు లాగాను.

"ఏందిరా ఇది? నీ గిటారు వాడి చేతిలో ఎందుకుండాది?"

"నేను ముందర నిలబడితే స్టేజి బాగుండదంట అక్కా."

"స్టేజి బాగుండకపోతే చెక్క మార్చుకోమను. గిటారు ఎవురిదని?"

"పార్టీదని చెప్తున్నారు. బొంబాయి నించి తెప్పించినామని మైకులో కూడా చెప్పినారు."

"నువ్వు నోరు తెరవలా?"

"తెరిస్తే ఈ బుర్ర కూడా ఉండదు. పాటలో ఏదో ఒక మూల నన్ను ఉండనీ అక్కా."

ఆ మాటకు నా ఒళ్ళంతా మంట పెట్టినట్టయింది. మాస్టరు అటుగా పోతూ నన్ను చూసి, "ఎవురురా ఈమె? మీ అక్కా? చేపలేమైనా తెచ్చిందా?" అని నవ్వి చెయ్యి కడుక్కోడానికి పోయాడు. ఆ నవ్వును నేను మూటగట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అన్నం తింటున్నా అదే, వల అల్లుతున్నా అదే. రాయి పుచ్చుకుని ఆయన బూట్ల మీద వెయ్యాలనిపించేది. కానీ కొడితే మా వాడికేం దక్కుతుంది? గిటారు దొంగతనంగా తెచ్చుకుంటే మమ్మల్నే దొంగలంటాడు. నలుగురి ముందూ ఆయనే దాన్ని తనది కాదని పారెయ్యాలి. అప్పుడే అది వాడిదవుతుంది. దానికి దారి ఎక్కడా అని కాచుకుని కూర్చున్నాను.

దారి ఆయనే పంపించాడు. నెల్లూరులో ఒక రైసుమిల్లు ఆసామి ఇంట గృహప్రవేశం. ఊళ్ళో పెద్దలందరూ వస్తారు, అక్కడ మెప్పిస్తే ఏడాది పొడుగునా పిలుపులే. అందుకని గిటారుకు కొత్తగా పాలిష్ పట్టించి, ఆ చేపల వాళ్ళ కన్ను గీకించెయ్యమని తమ్ముడికే ఇచ్చి పంపాడు. కచేరీ రోజు నేరుగా అక్కడికే తెమ్మన్నాడు. చేసినవాడి చేతనే వాడి గుర్తు చెరిపించే మనిషిని మీరెప్పుడైనా చూశారా?

మా ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. కన్ను మీద చేత్తో ఒకసారి తడిమి, చిత్రిక తీసుకున్నాడు. గీకేశాడు. లక్క పాలిష్ పట్టి ఎండబెట్టి పడవ దగ్గరికి పోయాడు. తమ్ముడు మంచినీళ్ళ బావికి పోయాడు.

ఇంట్లో నేనూ గిటారూ మిగిలాం.

పొయ్యిలో మేకు కాల్చాను. గుగ్గిలం కరిగించి, స్క్రూలు విప్పి, పికప్పులు ఎత్తాను. నేను పల్చగా చీరిన ఆ పేళ్ళు తీసి పొయ్యిలో వేశాను. మా ఆయన మొదట పెట్టినంత దళసరి పేళ్ళు, ఇంకో కాస్త ఎక్కువే, అడుగున పెట్టి స్క్రూలు గట్టిగా బిగించాను. పైన గుగ్గిలం కాచి పోసి, ఆరాక పాలిష్ గుడ్డతో రుద్దాను. చూస్తే అద్దంలా ఉంది. ఎవరైనా స్క్రూ తిప్పి దించబోతే దిగదు. అడుగున ఏముందో చూడాలంటే గుగ్గిలం కరిగించాలి. కచేరీ మధ్యలో ఎవరు పొయ్యి రాజేస్తారు? ఆ పూట పొయ్యి ముందు ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

గృహప్రవేశానికి నేనూ పోయాను. ఎండ ఇంకా దిగలేదు. కొత్త మేడ ముందు షామియానా, ముందు వరసలో కుర్చీలు, వెనక జంపఖానాలు. మాస్టరు గిటారు చేతికి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఇప్పుడు బొంబాయి సరుకులా ఉండాది" అన్నాడు. బావమరిది ఒట్టి తీగలు మీటి శ్రుతి చూసుకున్నాడు. ఒట్టి తీగ బాగానే పలికింది. పేళ్ళ ఎత్తు చాలలేదేమోనని నేను మెడ చాచి చూశాను.

మొదటి పాట ఎత్తుకున్నారు. కింది స్వరాల్లో అంతా సవ్యంగానే ఉంది. ఆసామి తల ఊపుతున్నాడు. పాట మీదికెక్కింది. బావమరిది వేళ్ళు ఒంటి వైపు జారాయి. అంతే, ఏడుపు మొదలైంది. హార్మోనియం ఒక వైపు, గిటారు ఇంకో వైపు, గిటారులోనే మళ్ళీ రెండు వైపులు. పాడే ఆయన ఎటు పోవాలో తెలియక ఆగిపోయాడు. వెనక జంపఖానా మీది పిల్లకాయలు "మే... మే..." అని మేకల్లా అరిచారు. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

బావమరిది తీగలు బిగించే బిరడాలు తిప్పాడు. ఇంకా చెడింది. మాస్టరు హార్మోనియం వదిలి వచ్చి, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి పికప్పు స్క్రూ తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. చెమట ముక్కు మీద నుంచి గిటారు మీద పడింది. స్క్రూ తల అరిగిపోయింది గానీ అది జరగలేదు.

నేను లేచి నిలబడ్డాను. అంతమందిలో నా గొంతు అంత పైకి వస్తుందని నాకే తెలియదు.

"అయ్యా మాస్టారూ! బొంబాయి వాళ్ళకు కబురు పెట్టండి, వచ్చి బాగు చేస్తారు!"

షామియానా అంతా గొల్లున నవ్వింది.

ఆయన నా వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. "రేయ్! ఏం చేసి తెచ్చినార్రా దీన్ని?"

"మేమేం చేస్తాం అయ్యా? పాలిష్ పట్టమంటే పట్టినాం. బొంబాయి సరుకు లోపలి సంగతి చేపల వాళ్ళకు ఏం తెలస్తాది?" అన్నాను.

ఆసామి కుర్చీలోంచి లేచి అడిగాడు. "ఏమయ్యా, అది బొంబాయిదా, ఈళ్ళదా?"

ఆ సంకటం ఉంది చూడండి, దానికోసమే నేను అన్నాళ్ళు కాచుకుంది. బొంబాయిదంటే ఇంత అధ్వానమైన సరుకు తెచ్చావా అంటారు. మాదంటే ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధం. ఆయన బావమరిది చేతిలోని గిటారును మెడ పట్టి లాగి తమ్ముడి ఒళ్ళోకి విసిరాడు. "ఈళ్ళదే! పడవ చెక్క! తీసకపో, మళ్ళా నా కంటికి కనపడొద్దు."

"అందరూ విన్నారు గదా అమ్మా, మాదేనంట" అని పక్కనున్న ఆడవాళ్ళతో అని, తమ్ముణ్ణి లేవదీసి, గిటారుతో సహా బస్టాండు దారి పట్టాను.

దారంతా వాడు గిటారును గుండెకు హత్తుకుని నడిచాడు. బస్సు ఎక్కాక, గుగ్గిలం మీద వేలు పెట్టి చూసి, "నువ్వే గదా అక్కా?" అన్నాడు.

"నేనే."

"అంత మంచి పాట. చంపేసినావు."

"పాట మళ్ళీ పుడతాది. నీ గిటారు మళ్ళీ పుట్టదు" అన్నాను. వాడు కిటికీ వైపు తిరిగిపోయాడు. రెండు రోజులు నా చేతి అన్నం తిన్నాడు గానీ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయాడు. గిటారు మాత్రం పక్కలో పెట్టుకునే పడుకున్నాడు.

మూడో రోజు వాడే మేకు కాల్చాడు. పాత పేళ్ళు పొయ్యిలో పోయాయి కాబట్టి కొత్తవి చీరాల్సి వచ్చింది. మళ్ళీ షాపు చుట్టూ తిరిగాం. షాపాయన అరిగిన స్క్రూ తల చూసి, నన్ను చూసి, కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. ఆయనే నాయుడుపేటలో కొత్తగా పెట్టిన ఒక చిన్న పార్టీకి మా వాణ్ణి పరిచయం చేశాడు. అక్కడ వాడు ముందు నిలబడి వాయించాడు. కొన్నాళ్ళకు వాడి వాయింపు వినడానికే జనం వచ్చేవాళ్ళు. నా తమ్ముడని ఎక్కువ చేసి చెబుతున్నాననుకోకండి, నిజంగానే వచ్చేవాళ్ళు.

మాస్టరు పార్టీకి పిలుపులు తగ్గాయి. ఒక మధ్యాహ్నం ఆయన మా పల్లెకు వచ్చాడు. నల్ల బూట్లు ఇసకలో దిగబడుతుంటే ఒకటి చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వస్తున్నాడు. మా ఆయన పడవ దగ్గరి నుంచి, వలలు బాగు చేసే ఆడవాళ్ళు పాకల్లోంచి, అందరూ చూస్తున్నారు.

"అమ్మా, మీ తమ్ముణ్ణి పంపించు. ఈసారి ముందరే నిలబెడతా" అన్నాడు.

కూర్చోమనలేదు నేను. "గిటారు ఎవురిదో ముందు చెప్పు."

"మీదే గదమ్మా."

"అట్టా గొంతులో కాదు. అదుగో, పడవ దగ్గర వాళ్ళకు వినపడాల."

ఆయన అటు తిరిగి, ఎండకు కళ్ళు చికిలించి, గట్టిగా అన్నాడు. "గిటారు మీ తమ్ముడిది! చేసింది మీ ఆయన!"

మా ఆయన సుత్తి ఆపి, విని, మళ్ళీ మేకులు కొట్టసాగాడు.

అప్పుడు తమ్ముడు గుడిసెలోంచి బయటికి వచ్చాడు. నేను భయపడ్డాను, వాడి మెత్తదనం నాకు తెలుసు కాబట్టి. వాడు ఆయనకు చెంబుతో నీళ్ళిచ్చాడు. ఆయన తాగేదాకా ఆగాడు.

"నేను రాను మాస్టారూ" అన్నాడు. "మీ కచేరీలో స్పీకరు పక్కనే కూచున్నా నా పాట నాకు వినపడలా."

ఆయన చెంబు కింద పెట్టి, రెండో బూటు కూడా విప్పి చేతిలో పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పోయాడు. ఇసకలో ఆయన పాదాలు కాలుతున్నాయని నాకు తెలుసు. నీడకు రమ్మని నేను పిలవలేదు. ఆయన తుమ్మచెట్ల వరస దాటేదాకా గుమ్మంలో నిలబడి చూశాను, ఆ తర్వాతే లోపలికి పోయి అన్నం పెట్టుకున్నాను. ఆ పూట కూడు ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

పులుసు పొంగుతోంది, దించాలి. ఇంతసేపు నా పక్కన కూర్చుని విన్నారు. మీ ఇంటి పొయ్యి ఎప్పుడూ చల్లారకూడదు, మీ గుమ్మంలో అడుగుపెట్టినవాడు చెడు తలపుతో రాకూడదు, మీ పిల్లల చేతుల్లో పుట్టిన విద్యను ఎవరూ లాక్కోకూడదు. మీ ఆడబిడ్డల గొంతు నలుగురిలో పైకి లేచేలా ఆ సముద్రపు తల్లి దీవించాలి. చల్లగా ఉండండి.